వయసు పెరగని రాజు

మా అత్తమ్మ పోయిందని చంద్రపూర్ లాల్‌పేట్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద ఒత్తిగిలి పడుకున్నదట. సాయంత్రం పక్కింటావిడ చాయ్‌కి పిలిస్తే పలకలేదట. “నొప్పి గిప్పి ఏం లేదక్కా, నిద్రల్నే పోయింది” అన్నాడు. నేను నాగపూర్ నుంచి వెళ్ళేసరికి వాకిట్లో పందిరి వేసి ఉంది. మామయ్య ఆమెకంటే ముందే వెళ్ళిపోయాడు. కొరివి పెట్టాల్సిన కొడుకు వాళ్ళిద్దరికంటే ఎన్నో ఏళ్ళ ముందే వెళ్ళాడు. తమ్ముడే ఆ పని చేశాడు.

పందిరి కింద కూర్చున్న వాళ్ళు ఆమె పెట్టే చింతకాయ తొక్కు గురించి, అందరి పురుళ్ళకూ ముందుండి చేసిన సాయం గురించి చెప్పుకున్నారు. అవన్నీ నిజాలే. నాకు మాత్రం ఆ ఇంటి వెనక గదిలో, కంప్యూటర్ ముందు కూర్చున్న అత్తమ్మే గుర్తుకొస్తూ ఉంది. ఆ సంగతి నేను తప్ప చెప్పేవాళ్ళు ఇక ఎవరూ లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అత్తమ్మ మా నాన్నకు అక్క. మామయ్య కరీంనగర్ వైపు నుంచి వచ్చి బొగ్గుగనిలో చేరాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, నా బావ. మా ఇద్దరికీ పెళ్ళి చేయాలని పెద్దవాళ్ళ మనసులో ఉండేది. అది మాకూ తెలుసు గానీ, మేమిద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తుకోలేదు.

చంద్రపూర్‌లో సందుకొక కంప్యూటర్ క్లాసు వెలుస్తున్న రోజులవి. బావ అలాంటి ఒక క్లాసులో నేర్పేవాడు. విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే ఒక కంప్యూటర్ బిగించుకున్నాడు. అందులో అతనికి ఇష్టమైనది రాజ్యాలు ఏలే ఆట. కోటలు కట్టడం, పన్నులు వేయడం, సేనలు నడపడం. ఆటలో ఏడాది గడిచినప్పుడల్లా రాజుకూ మంత్రులకూ అందరికీ వయసు పెరుగుతుంది. ముసలివాళ్ళయి చనిపోతారు.

ఖజానా ఖాళీ అయితే బావ ఆట ఆపి, ఆట దాచుకున్న ఫైల్‌ను వేరే ప్రోగ్రాంలో తెరిచేవాడు. తెరనిండా అంకెలూ అక్షరాలూ చీమలబారుల్లా కనిపించేవి. ఖజానాలోని బంగారం ఏ అంకెగా రాసి ఉందో వెతికి పట్టుకుని, దాని చోట పెద్ద అంకె పెట్టేవాడు. మళ్ళీ ఆట తెరిస్తే ఖజానా నిండి ఉండేది. రాజు పేరు తీసి తన పేరు పెట్టుకున్నదీ, రాజుకు తన వయసే ఇచ్చుకున్నదీ అలాగే.

“ఆటల గూడ మోసమేనారా?” అనేది అత్తమ్మ.

“ఎవల్ని మోసం జేస్తున్ననే? గీ ఆటల నేనొక్కన్నే ఉన్న గదా” అని నవ్వేవాడు.

ఒక వానాకాలం, కోర్పనాలో ఎవరి ఆఫీసులోనో కంప్యూటర్లు పెట్టడానికి వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చాడు. మలేరియా మెదడుకెక్కింది. వారం తిరగలేదు.

మరుసటి ఎండాకాలం కాలేజీ సెలవులకు నేను అత్తమ్మ దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం తలుపులన్నీ మూసి, కూలర్ పెట్టుకుని పడుకున్నాం. ఉన్నట్టుండి లేచి కూర్చుని అడిగింది. “బిడ్డా, ఆ రాజుకు వాని పేరే పెట్టుకున్నడు గదా. ఒక్కసారి తెరువు, సూస్త.”

వెనక గది దగ్గరికి వెళ్ళి, గడియ తీయబోయే ముందు తలుపు మీద వేళ్ళతో మెల్లగా తట్టింది. లోపల ఎవరూ లేరు కదా అన్నాను. “తట్టి పోవుడు మంచిది” అంది. ఆ అలవాటు ఆమెకు చివరిదాకా పోలేదని పక్కింటావిడ మొన్న చెప్పింది.

తెర మీద బావ పేరుతో కుర్రరాజు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ నన్ను ఆట నడపమంది. కాసేపటికి ఏడాది మారి, రాజు వయసు ఒకటి పెరిగింది.

“గదేంది, అంకె మారింది?”

“ఆటల ఏడాది గడిచింది అత్తమ్మా.”

“వానికి గడువలే గదా. ఎనుకకు తియ్యి.”

ఫైల్ తెరిచి, వయసున్న చోటు వెతికి పాత అంకె పెట్టాను. ఆమె నా భుజం మీదుగా వంగి చూసింది. మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివిన మనిషి, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టేది. నేను సెలవులు ముగించుకుని వెళ్ళేనాటికి ఒంటివేలితో తనంతట తానే ఆ పని చేస్తోంది.

తర్వాత ఎప్పుడు వెళ్ళినా మధ్యాహ్నం ఆ గదిలోనే ఉండేది. యుద్ధాలు చేసేది కాదు, కోటలు కట్టేది కాదు. ఏడాదిని గడవనిచ్చేది, కొడుకు వయసు వెనక్కి తీసేది. మిగతా వాళ్ళకు మాత్రం వయసు పెరుగుతూనే ఉంది. మంత్రి చచ్చాడు, సేనాపతి చచ్చాడు. వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళూ ముసలివాళ్ళయి చచ్చారు. చివరికి కొత్తవాళ్ళు రావడం కూడా ఆగిపోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. సభలో కుర్చీలన్నీ ఖాళీ. నడుమ ఆ కుర్రవాడొక్కడే నవ్వుముఖంతో మా వైపు చూస్తూ కూర్చున్నాడు. బయట ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు గలగలమనేవి, తెర మీద అతని ముఖం ఒక్కసారి వణికి మళ్ళీ కుదురుకునేది.

ఒకరోజు తెర మీద నల్ల అంచుతో ఒక వార్త వచ్చింది. అత్తమ్మ చదవమంది. చదివాక ఆ వార్తను మూసేయబోయాను.

“ఏమున్నది? చెప్పు.”

“రాజుగారి తల్లి చనిపోయిందట, అత్తమ్మా.”

ఆమె బెదరలేదు. ఆ అక్షరాల కేసి చూసి, “గదే సక్కటి వరుస” అంది. “అవ్వ ముందు పోవాలె. కొడుకు ఉండాలె. గీ డబ్బాకు తెలిసింది, పైనోనికి తెల్వకపాయె.”

ఆ తర్వాత ఏదో దిగులు ఆమెను పట్టుకుంది. తను పోయాక వాణ్ణి ఎవరు చూస్తారని ఒకటి రెండుసార్లు అడిగింది. అదేదో మాట వరసకు అన్నదనుకున్నాను.

ఆ వానాకాలం వెళ్ళినప్పుడు, “నీకొకటి సూపిస్త రా” అని గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు తట్టింది. తెర వెలిగింది. రాజు పక్కన రెండో సింహాసనం ఉంది. అందులో రాణి ఉంది. ఆమె బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు ఉంది.

“నువ్వుంటె నాకు ఫికర్ లేదు” అంది అత్తమ్మ, సంబరంగా.

ఆ గదిలో అంత ఉక్కలోనూ నాకు వెన్ను చల్లబడింది. రెండు రోజులకు నాకు చలిజ్వరం మొదలైంది. రక్తపరీక్షలో మలేరియా అన్నారు. కళ్ళు మూసుకుంటే ఖాళీ కుర్చీలు కనిపించేవి. ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి అత్తమ్మ నా మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది.

“అండ్ల ఏందో వార్త వచ్చింది బిడ్డా. నీ పేరు కానొచ్చింది. తక్కిందేం సమజ్ గాలే. గా పక్కింటి పిల్లను పిలిచి సదివిచ్చిన. రాణికి పానం బాగలేదని ఉన్నదట.”

ఆ ఆటలో ఎవరో ఒకరికి జబ్బు చేయడం మామూలే. ఇప్పటికీ నాకు నేను అలాగే చెప్పుకుంటాను.

“సచ్చినోని పక్కకు బతికున్నదాన్ని కూసోబెట్టిన” అంది, నా అరచేయి తన చెంపకు ఆనించుకుని. “వాడు రమ్మనలే. నేనే నిన్ను తోలిన.”

లేచి వెళ్ళింది. గోడ అవతల నుంచి ఒక్కొక్క మీటా ఆగి ఆగి నొక్కడం వినిపించింది. నా పేరు తీసేసింది. మరునాటికి జ్వరం దిగడం మొదలైంది. నేను వేసుకున్న మాత్రల వల్లే దిగిందని డాక్టర్ అన్నాడు. అత్తమ్మ అదేం పట్టించుకోలేదు. నేను లేచి తిరుగుతున్న రోజున మా నాన్నను పిలిపించి, “తమ్మీ, పిల్లకు సంబంధం సూడు. నా కొడుకు పేరు మీద దాన్ని ఆపకు” అంది. నా పెళ్ళిలో మేనత్తగానూ, అమ్మకు తోడుగానూ అంతటా తనే తిరిగింది.

ఆనాటి నుంచి రాజు వయసు వెనక్కి తీయలేదు. రోజూ కొన్నేళ్ళు గడవనిచ్చేది. బావకు రాని ముప్ఫై, రాని నలభై. ఆ ఏళ్ళన్నింటినీ అంత ఓపికగా చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. “ఆగబట్టుడు పావురం గాదు బిడ్డా” అని నాతో అన్నది అప్పుడే. పావురం అంటే మా దగ్గర ప్రేమ.

పెళ్ళయ్యాక మొదటిసారి పుట్టింటికి వచ్చి అత్తమ్మ దగ్గరికి వెళితే, ఆమె ఆ గదిలోనే ఉంది. మామయ్య మొదటి షిఫ్టు దిగి అప్పుడే ఇంటికొచ్చాడు. కొడుకు పోయాక ఆయన ఆ గది గడప తొక్కలేదు.

“ఏమయ్యా, జర ఇటు రా. నీ కొడుకు ముసలోడైండు, సూడు” అని కేకేసింది అత్తమ్మ.

ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద తెల్లజుట్టు, తెల్లమీసం, లోపలికి పోయిన బుగ్గలు. ఆ ఆటలో ముసలిరాజులకు ఉండేది నాలుగైదు ముఖాలే, అన్నీ నేను చూశాను. ఇది వాటిలో ఏదీ కాదు. అత్తమ్మ కొంగుతో తెర అద్దం మీది బొగ్గుధూళి తుడిచింది. మామయ్య ముందుకు వంగి చూశాడు. తర్వాత మసిబారిన చేయి మెల్లగా పైకెత్తి, లోపలికి పోయిన తన బుగ్గలను, తెల్లమీసాన్ని తడుముకున్నాడు.