మార్కుల వరుసలో బెంచీలు

పోయిన వారం నా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెప్పడానికి ఎవరో పెద్దమనిషి వచ్చాడనీ, అందర్నీ హాల్లో కూర్చోబెట్టి కళ్ళు మూయించి, గాలి నిండుగా పీల్చి వదలమన్నాడనీ చెప్పింది. మంచిదే అనుకున్నాను. అన్నాలకు కూర్చున్న వేళ నా కొడుకు ఫోను మోగింది. అదే కాలేజీ, అదే రోజు, ఆ పిల్ల ర్యాంకు ఎంతకు దిగిపోయిందో మెసేజీ పంపింది. వాడు దాన్ని పైకి చదివాడు. పిల్ల చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పొద్దున ఊపిరి పీల్చమని నేర్పి సాయంత్రానికి గొంతు నొక్కే ఈ చదువేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ మంట నాకు కొత్త కాదు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే కావడం వల్ల, ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు రోజూ బస్సులో పోయి వచ్చే నా మీద ఇంటిల్లిపాది కళ్ళూ ఉండేవి. ఒక్క పరీక్ష తప్పినా చదువు మానిపించడానికి మా పెదనాయన సిద్ధంగా ఉండేవాడు. బస్సు శిరివెళ్ళ దాటిందంటే చాలు, నా కడుపులో పేగులు మెలిపెట్టేవి. అమ్మ దాన్ని వేడి అని సబ్జా గింజలు నానబెట్టి తాగించేది. నాయనమ్మ దిష్టి తీసేది. మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన మనేదకు అప్పట్లో ఉన్న మందులు అవే.

ఆ మెలికకు కారణం మా కెమిస్ట్రీ లెక్చరరు. మార్కుల వరుసలో బెంచీల మీద కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. ప్రతి పరీక్ష తర్వాతా పేర్లు చదివేవాడు, మార్కులు తగ్గినవాళ్ళు పుస్తకాలు గుండెకు హత్తుకుని, అందరూ చూస్తుండగా లేచి వెనక్కి నడవాలి. ముందు బెంచీ నా స్నేహితురాలిది. కోయిలకుంట్లలో కిరాణా అంగడి ఉన్న ఇంటి పిల్ల, హాస్టల్లో ఉండేది. సమీకరణం బోర్డు మీద పూర్తికాక ముందే దాని జవాబు ఆమె నోట్లో ఉండేది. ఒకసారి జ్వరంతో పరీక్ష రాసి వెనకబడింది. ఆయన ఆమెను ఆఖరి బెంచీ దాకా నడిపించి, "పో పాపా, మీ నాయన అంగట్లో పొట్లాలు కట్టుకో. ఈ చదువు నీతో కాదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. నిద్ర లేదు, తల దువ్వితే వెంట్రుకలు కుచ్చులుగా దువ్వెనకు వచ్చేవి. ల్యాబులో చేతులు వణికేవి. ఒక మధ్యాహ్నం ద్రావకం పీల్చే గాజు గొట్టం జారి ముక్కలైంది, ఆమె అక్కడే కూలబడింది. పరీక్ష ఎగ్గొట్టడానికి వేషాలని లెక్చరరు అన్నాడు, వార్డెనూ అదే అంది.

నేను ఆమెను రిక్షాలో ఎక్కించుకుని నంద్యాలలోనే సంజీవనగర్లో ఉండే మా మేనత్త ఇంటికి తీసుకుపోయాను. అత్త ఏమీ అడగలేదు. మజ్జిగన్నం కలిపి ముద్దలు చేసి పెట్టి, పడమటి గదిలో చాప వేసి పడుకోబెట్టింది. ఆ పిల్ల నిద్ర లేచాక మాత్రం పక్కన కూర్చుని, "ఇప్పుడు చెప్పు పాపా, ఏమైందో" అంది. ఆమె చెప్పినంతసేపూ అత్త ఒక్క సలహా ఇవ్వలేదు, నడుమ మాట్లాడలేదు. అలా వినే మనిషి దొరకడం ఎంత పెద్ద సంగతో నాకు ఆ పూటే తెలిసింది.

మరునాడు అత్త తలనిండా కొంగు కప్పుకుని కాలేజీకి వచ్చింది. ల్యాబు గుమ్మంలో నిలబడి, "ఏం సార్, బిడ్డ చేతులు వణుకుతాండాయి, అన్నం తినల్యా. ఏందని ఒక్కనాడన్నా అడిగినావా?" అంది.

"క్రమశిక్షణ లేకుంటే చదువు రాదమ్మా," అన్నాడాయన.

"అది క్రమశిక్షణ కాదప్పా. పిల్లోళ్ళను బెదిరిస్తాండావ్."

ఆయన బోర్డు వైపు తిరిగాడు. బెంచీల పద్ధతి మారలేదు.

ఆ వారమే స్నేహితురాలి తండ్రి వచ్చాడు. కూతురి ముఖం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, చదువు చాలు, పిల్ల బాగుంటే చాలన్నాడు. ఆ పిల్ల, నేను చదువుతా నాయనా, పరీక్ష రాస్తా అని బతిమాలుతూనే ఉంది. మా అత్త కూడా, "నీ బిడ్డకు చదువుతో జబ్బు రాలేదన్నా, ఆయప్ప నోటితో వచ్చింది. నా ఇంట్లో పెట్టుకుంటా, ఉండనీ" అంది. ఆయన వినలేదు. పెట్టె సర్దించి తీసుకుపోయాడు.

నేను మాత్రం నిలబడ్డాను. రోజూ మధ్యాహ్నం అత్త ఇంట్లో అన్నం తిని, ఆ పూట ఏమైందో కక్కేసి, కాసేపు నడుం వాల్చి మళ్ళీ క్లాసుకు పోయేదాన్ని. భయం తగ్గలేదు గానీ దాన్ని మోయడం చేతనైంది. డిగ్రీ గట్టెక్కింది, పంతులమ్మనయ్యాను. నా క్లాసులో ఎవరి మార్కులూ పైకి చదవలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఆళ్ళగడ్డ బస్టాండులో ఆ స్నేహితురాలు కనబడింది. పెళ్ళి, పిల్లలు, కుదురైన కాపురం. టీ కొట్టు దగ్గర గ్లాసు అందిస్తే రెండు చేతులతో పట్టుకుంది. నేను చూడడం గమనించి, నలుగురిలో ఇప్పటికీ చెయ్యి నిలవదని నెమ్మదిగా చెప్పి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ నాకు ఆ లెక్చరరు మీద, నవ్విన మా క్లాసు మీద, ప్రేమతోనే అయినా ఆమె చదువును పెట్టెలో సర్దేసిన ఆ తండ్రి మీద కోపం ఆగదు.

మొన్న నా కొడుకుతో, అన్నం దగ్గర ఆ ఫోను తెరవొద్దన్నాను. కాలం అట్లా ఉందమ్మా, అందరూ ర్యాంకులే చూస్తాండారు అన్నాడు. మా అత్త పోయి చాలా కాలమైంది. పరాయి బిడ్డ కోసం కొంగు కప్పుకుని కాలేజీకి పోయే తీరిక ఇప్పుడు ఎవరికుంది, ఎవరి బిడ్డ ర్యాంకు వాళ్ళదే. ఆ రోజుల్లో మన బాధకు పేరు లేదు, పెద్దవాళ్ళకు తెలియక చేశారులే అని సర్దుకోవడానికైనా వీలుండేది. ఇప్పుడు దానికి పేరుంది, హాలుంది, మైకులో చెప్పే మనిషి ఉన్నాడు. మా మనవరాలు పెద్దదై ఇవన్నీ తలుచుకున్ననాడు, వాళ్ళకు తెలియదులే అనుకునే ఆ కాస్త ఊరట కూడా దానికి ఉండదు.