పీపా కక్కిన నీళ్లు

నాన్న నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి తాగుడు మానాడు. ఒట్టు తప్పితే చచ్చేది నేనని అమ్మ నమ్మకం. ఆ బేరంలో నన్నెవరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. కానీ మానాక ఆయన చేతుల వణుకు పోయింది. అమీర్‌పేటలో మా ఇంటి అరుగు మీద కుట్టుమిషను మళ్లీ ఆడింది.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. ఆ వేసవిలో మా బావి ఎండిపోయింది. పంజగుట్ట అవతలి బావి నుంచి మోసుకొచ్చిన నీళ్లు నిలవ ఉంచడానికి సరైన పాత్ర లేదు. పక్కింటాయన సోమాజిగూడలో ఒక ఇంగ్లీషు దొర బంగళాలో వంట చేసేవాడు. దొర ఊరు విడిచి పోతూ వదిలేసిన విస్కీ పీపాను మా వాకిట్లోకి దొర్లించుకొచ్చాడు, పాపం, సాయం చేద్దామనే.

అమ్మ దాన్ని బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది. అయినా పోసిన నీళ్లు తెల్లారేసరికి టీ రంగుకు తిరిగాయి.

"గది చెక్క గుణం, భాభీ" అన్నాడు పక్కింటాయన. "షరాబ్ ముందుగాల నీళ్ల లెక్క తెల్లగనే ఉంటదంట. లోపల కాల్చిన గీ చెక్కల ఏండ్లకేండ్లు ఉంటేనే గా రంగు, గా వాసన. చెక్క సుత మస్తు తాగుతది. మసిలే నీళ్లు పోసి, బిరడా కొట్టి ఉంచుండ్రి. తాగిందంత కక్కుతది. పారబోస్తే ఫికర్ లేదు."

ఆ బరువు పని అమ్మ నాన్నకే అప్పగించింది. ఇంట్లో ఇంకెవరున్నారు గనక!

రెండు రోజుల తర్వాత అమ్మా నేనూ నీళ్లు మోసుకుని వచ్చేసరికి పీపా బోర్లించి ఉంది. చుట్టూ నేల మాత్రం పొడిగా ఉంది. వంటింటి కుండలు టీ రంగు నీళ్లతో నిండుగా ఉన్నాయి. నాన్న మిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన నోట్లోంచి కాలిన బెల్లం వాసన వస్తోంది.

"ఏందయ్యా, తాగినవా?"

"నీళ్లే గద తాగిన. పొయ్యమన్నది నువ్వే."

అమ్మ బిందె దించేసి వచ్చి నా నుదురు పట్టుకు చూసింది. చాలా రోజులు నన్ను వాకిలి దాటనివ్వలేదు. నాకు దగ్గొస్తే ఇద్దరూ పరుగెత్తుకొచ్చేవాళ్లు.

నాన్న మళ్లీ మళ్లీ మసిలే నీళ్లు పోశాడు. పోసినకొద్దీ రంగు పలచబడింది. పీపాలో ఏమీ మిగలలేదని తెలిశాక కల్లు దుకాణం దారి పట్టాడు, ఆ తర్వాత సారా. మిషను అమ్ముడుపోయింది. కడుపు ఉబ్బింది, కళ్లు పచ్చబడ్డాయి. తాగబోయే ముందు నన్ను పిలిచి తల నిమిరేవాడు.

"మంచిగున్నవ్ గద, బిడ్డా?"

తలూపేదాన్ని. దాంతో ఆయనకు ధైర్యం వచ్చేది. గ్లాసు అందుకునేవాడు.

ఆయన పోయాక పీపా మిగిలింది. అందులో నీళ్లకు ఇక ఏ వాసనా లేదు. అమ్మ, నేను ఎన్నో వేసవులు అవే తాగాం. నాన్న తాగే రోజుల్లో నాకు ఒక్కసారైనా జ్వరం వచ్చి ఉంటే ఆయన ఆగేవాడు.