నైరుతి మూల పునాది

నా చిన్నప్పుడు సూరత్‌లో, ఉధ్నాలోని మా గల్లీలో స్లాబు వేసిన ఇల్లు మాదొక్కటే. మిగతావన్నీ రేకుల ఇళ్లు. తెలంగాణ నుంచి వచ్చి ఇరవై నాలుగు సాంచాలు నడిపించిన మా తాతయ్య ఆ ఇల్లు కట్టించారు. నాకు ఊహ తెలిసేనాటికి ఆ మరమగ్గాలన్నీ పరుల చేతుల్లోకి పోయాయి. మా నాన్న, చిన్నాన్న వేరేవాళ్ల సాంచాల దగ్గర కూలికి నిలబడేవారు. అయినా మా ఇంట్లో ఎవరూ తల వంచి నడిచేవారు కాదు. "నిలువెత్తు పునాది తీయించిన. మూడంతస్తులు మోస్తది" అని తాతయ్య ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. మాకు మిగిలిన ఆస్తి ఆ మాటే.

ఇంతలో ఇల్లు ఇరుకైంది. ఊరవతల జోల్వాలో ఒక సాంచాల షెడ్డువాళ్లు చిన్నాన్నకు పనీ, ఉండటానికి గదీ ఇస్తామన్నారు. ఆయనకు వెళ్లాలని లేదు. మీద రెండు గదులు వేసుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చు. నాకు కావలసిందీ అదే. చిన్నాన్న కూతురు నాకంటే నాలుగు నెలలు చిన్నది. సేట్ మనవరాళ్లు గల్లీ పిల్లలతో ఆడకూడదన్నది మా ఇంటి నియమం కాబట్టి నాకున్న స్నేహమంతా ఆ ఒక్క చెల్లెలే. ఒక్క ఇటుకైనా పేర్చకముందే మీద గది కిటికీ ఎవరిదో, కిటికీ పక్కన పడక ఎవరిదో మేమిద్దరం పంచేసుకున్నాం.

పాలమూరు నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన ఒక ముసలి మేస్త్రీని పిలిపించారు. చిన్నాన్న అప్పటికే ఇటుకలు తెప్పించి వాకిట్లో పేర్పించారు. మేస్త్రీ వాటివైపు చూడను కూడా చూడలేదు.

"మీద ఏమేస్తమన్నది తర్వాత సంగతి సేట్. కింద ఏమున్నదో జర చూడనియ్యండ్రి" అన్నాడు.

అప్పటికి తాతయ్యను సేట్ అని పిలవడం గల్లీలో అందరూ మానేశారు. తాతయ్య మీసం సవరించుకుని, ఈశాన్య మూల దగ్గర నిలబడి, ఇక్కడ తవ్వమని తనే చూపించారు. మేస్త్రీ గోడను ఆనుకుని గొయ్యి తీశాడు. రాతికట్టు నా మెడ లోతుకు దిగితే గానీ అంతు కనిపించలేదు. చూడడానికి వచ్చిన పక్కింటి అక్క బుగ్గలు నొక్కుకుంది.

"అబ్బో, పునాది అంటే బాయి తవ్విండు గదా పెద్దాయన!"

నా వెన్ను ఇంకో అంగుళం నిటారయింది. మేస్త్రీ మాత్రం గోతిలోంచి పైకి వచ్చి చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఇది సుట్టాలు నిలబడ్డ మూల సేట్. సుట్టాలు చూడని మూల చూపియ్యండ్రి."

మా వాళ్లలో ముగ్గు పోసి పూజ చేసేది ఈశాన్యంలోనే. చుట్టాలు వచ్చి తొంగి చూసేదీ ఆ గొయ్యినే. కాబట్టి ఆ మూల లోతుగా తీస్తారు. చుట్టాలు బండెక్కాక మిగతా మూలల సంగతి ఎవరూ అడగరు. మేస్త్రీ అలాంటి ఇళ్లు ఎన్ని చూశాడో! నైరుతి మూల తవ్వుతానన్నాడు.

తాతయ్య గొంతు గట్టిపడింది. "నైరుతి తవ్వితే ఇంటి పెద్దకు కీడు. తవ్వనియ్య."

దానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? "మా నాయిన మాట సాలదా? పని మొదలువెట్టు" అన్నారు చిన్నాన్న. మేస్త్రీ తాపీ, తూకం గుండు సంచిలో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, ఇటుకల మీద కూర్చున్న మా ఇద్దరినీ చూశాడు.

"మీద పండేది గీ పిల్లలేనా సేట్?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం కాగానే తాతయ్య తెల్ల పంచె ఎగగట్టి గడ్డపార పట్టుకున్నారు. ఆయన చేతిలో పనిముట్టు చూడడం మాకు అదే మొదలు. తను పడుకునే గది వెనక, నైరుతి మూల తవ్వడం మొదలుపెట్టారు. నాన్న, చిన్నాన్న పరుగెత్తుకొచ్చి అడిగినా గడ్డపార ఇవ్వలేదు. నా మోకాలి లోతులోనే కట్టుబడి అయిపోయింది. దాని కింద ఇటుక ముక్కలు, వాటి కింద నల్లరేగడి. మా ఇల్లు దాని మీద కూర్చుని ఉంది.

"మిగిలిన మూలలు గూడ గింతే. వానల ముంగట సాంచాలు బిగియ్యాల్నని తొందరపడ్డ. నాకు ఎరుకనే" అన్నారు ఆయన.

"ముందుగాల్నే చెప్తే ఏమాయె నాయినా? ఇటుక గూడ తెచ్చుకుంటిమి" అన్నారు చిన్నాన్న.

ప్రహరీ అవతల పక్కింటి అక్క నవ్వు వినబడింది. "మూడంతస్తుల ముచ్చట, మూరెడు పునాది!"

తాతయ్య ముఖం తిప్పుకోలేదు. గోతి దగ్గరే అలాగే నిలబడ్డారు.

కబురందుకున్న మేస్త్రీ వచ్చి గోతిలోకి దిగి చూశాడు. తర్వాత తనే మట్టి పొర పొరగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి పూడ్చాడు. "ఉన్న ఇంటికి భయం లేదు సేట్. మీద మాత్రం ఒక్క ఇటుక పెట్టొద్దు" అన్నాడు. ఆ రోజు కూడా సేట్ అనే అన్నాడు.

పదిహేను రోజుల్లో చిన్నాన్న సామాను టెంపోకెక్కింది. చెల్లెలు పరుపుచుట్ట మీద కూర్చుంది. వీధిలో ఏడవడం మా ఇంటి పద్ధతి కాదు కాబట్టి ఇద్దరం ఏడవలేదు. మొదట్లో పండగలకు వచ్చేవారు, తర్వాత అదీ తగ్గింది. ఇంట్లో నాతో మాట్లాడే పిల్ల లేకుండాపోయింది. గల్లీ పిల్లల దగ్గరికి వెళ్లే అలవాటు నాకు ముందే లేదు.

తాతయ్య మీద చాలా ఏళ్లు కోపంగా ఉన్నాను. ఆయన నోరు మెదపకుండా ఉంటే చెల్లెలు నా దగ్గరే ఉండేది కదా అనుకునేదాన్ని. మా గల్లీలో ఏ గొయ్యీ తీయకుండా మూడేసి అంతస్తులు లేపినవారున్నారు. ఆ ఇళ్లు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. అది కూడా దాచకుండా చెప్పాలి. కానీ నా వయసు ఆయన అప్పటి వయసును దాటాక, చుట్టాల ముందు లోతైన గొయ్యి చూపించిన తాతయ్య కంటే, నవ్వుతున్న గల్లీ ముందు మోకాలి లోతు గొయ్యి చూపించిన తాతయ్యే నాకు పెద్దవారిగా కనిపిస్తున్నారు. సేట్ మనవరాలినని నేనిప్పుడు చెప్పుకుంటే ఆ తాతయ్యను తలచుకునే.

ఇప్పుడు చుట్టూ అన్నీ ఎత్తైన ఇళ్లే. మా వాకిట్లోకి ఎండ మధ్యాహ్నం కాసేపే వస్తుంది. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. గది అద్దెకు కావాలని ఎవరైనా వస్తే ముందుగా తాతయ్య పడుకున్న వెనక గదికి తీసుకెళ్లి, వానాకాలంలో చెమ్మ ఊరే గోడ మీద చెయ్యి పెట్టి చూడమంటాను. గాలి వచ్చే కిటికీ, కొత్త గచ్చు ఆ తర్వాతే. "సరే మాసీ, చెప్తాం" అని వెళ్లినవారు తిరిగి రారు. ఈ ఏడు కూడా ఆ గదికి తాళమే ఉంది. రేపు ఇంకెవరైనా వస్తే, మొదట చూపించేది ఆ గోడనే.