ఓవెన్‌లో దొరికిన పాలు

ఆ రోజుల్లో నేను ఎవర్నీ నమ్మేవాణ్ణి కాదు. గొప్పకి చెప్పడం లేదు, నా ఉద్యోగమే అలాంటిది. అమెరికాలో, సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక కంపెనీలో టెస్టర్‌గా చేరి అప్పటికి రెండు నెలలు. ఇంకొకళ్ళు రాసిన కోడ్‌లో తప్పు వెతకడం, దొరగ్గానే అది ఎవరి తప్పో పేరుతో సహా మెయిల్ పెట్టడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పనైతే, ఇంటికొచ్చాక ఉప్మాలో జీడిపప్పు తగ్గినా ఎవరో ఏరేశారనే అనిపిస్తుంది. (అనిపించడమేమిటి, ఒకసారి బావని అడిగేశాను కూడా. ఆ వారమంతా బావ నాతో క్రికెట్ తప్ప ఇంకో సంగతి మాట్లాడలేదు.)

ఉండేది అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే. అక్కకి ఇద్దరాడపిల్లలు. చిన్నది బుజ్జి, ఐదేళ్ళది, ఏం చెప్పినా నమ్ముతుంది. పెద్దదానికి ఎనిమిదేళ్ళు. ప్రతిదానికీ ప్రూఫ్ అడుగుతుందని అందరం లాయరమ్మ అనేవాళ్ళం. నేను దిగిన రోజు నా పాస్‌పోర్ట్ తెప్పించుకుని, అందులో ఫొటోనీ నన్నూ మార్చిమార్చి చూసి, ఇతను నిజంగానే నీ తమ్ముడా అని అక్కని పక్కకి తీసుకెళ్ళి అడిగింది. రెండు నెలలు దాని లెక్కల హోంవర్క్ చేయించగా చేయించగా, స్కూల్లో ఎవరితో పడదో నాకు చెప్పడం మొదలుపెట్టింది. కొత్త దేశంలో నాకు దొరికిన మొదటి స్నేహం అదే. అది పోగొట్టుకోకూడదని నాకు మహా తాపత్రయంగా ఉండేది.

ఒక శనివారం అక్కా బావా ఎవరింట్లోనో సీమంతానికి వెళ్తూ మొదటిసారి పిల్లల్ని నాకు అప్పజెప్పారు. వాళ్ళు వెళ్ళీ వెళ్ళగానే, ఐస్‌క్రీమ్ తినిపిస్తానని పిల్లలకి మాటిచ్చేశాను. కొనాలంటే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాలి, నేనేమో డ్రైవింగ్ టెస్ట్ అప్పటికి రెండుసార్లు తప్పాను. మెషీన్ లేకుండా ఇంట్లోనే చేయొచ్చని ఫోన్‌లో వీడియో కనపడింది. పాలు, పంచదార ఒక చిన్న జిప్ సంచిలో పోసి, దాన్ని ఐసూ ఉప్పూ నింపిన పెద్ద సంచిలో పెట్టి, పావుగంట ఊపితే చాలట. నాకు ఆ వీడియో మీదా అనుమానమే. ఇంకో నాలుగు చూసి, నలుగురూ కూడబలుక్కుని అబద్ధమాడరులే అనుకున్నాక మొదలుపెట్టాను.

ఫ్రిజ్‌లో పాల డబ్బా ఖాళీగా ఉంది. వంటిల్లంతా గాలించి ఓవెన్ తెరిస్తే, లోపల లైటు వెలుగుతోంది, స్టీలు గిన్నెలో మూతపెట్టిన పాలు. పాలు ఓవెన్‌లో ఎందుకుంటాయి? పిల్లలకి దొరక్కుండా అక్క దాచింది, ఇంకేముంది. కేసు తేలిపోయినట్టు సంబరపడి, గోరువెచ్చగా ఉన్న ఆ గిన్నెని అరగంట ఫ్రీజర్‌లో పెట్టాను. కాస్త చిక్కగా అనిపించాయి. మంచి మీగడ పాలనుకున్నాను. (పగలల్లా జనం తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి, ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు.)

ఆవకాయ కోసం అక్క దాచుకున్న కల్లుప్పు తీస్తుంటే లాయరమ్మ అడ్డంపడింది. ఐస్‌క్రీమ్‌లో ఉప్పేమిటని. ఉప్పు బయటి సంచిలోనే ఉంటుందని, దాంతో ఐసు ఇంకా చల్లబడుతుందని చెప్పినా నమ్మలేదు. లోపలి సంచి జిప్ తనే మూడుసార్లు నొక్కి చూసుకుంది. సంచిని తువ్వాల్లో చుట్టి ముగ్గురం వంతులేసుకుని ఊపాం. బుజ్జి సంచితోపాటు తనూ ఊగి రెండుసార్లు కిందపడింది. పావుగంట కాస్తా ముప్పావుగంటైంది గానీ, సంచి విప్పితే నిజంగానే గడ్డకట్టింది. లాయరమ్మ నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకి నా చేతుల తిమ్మిరి పోయింది.

చెంచా నోట్లో పెట్టుకున్నాం. పుల్లగా ఉంది.

ఫ్రిజ్‌లో కోసిన నిమ్మచెక్క ఉంది. నేను కాక ఐసు తేవడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది లాయరమ్మ ఒక్కతే. సంచి జిప్ నొక్కిందీ అదే. ఉప్పు గొడవలో నామీద కోపం వచ్చి నిమ్మకాయ పిండి ఉంటుంది. ఆఫీసులో ఎలా మెయిల్ పెడతానో అలాగే, వరసగా ఈ మూడూ చెప్పి, పిండింది నువ్వేనన్నాను. అది వాదించలేదు. ప్రూఫ్ అడగలేదు. చెంచా గిన్నెలో పెట్టేసి గదిలోకి వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే నోరెత్తలేదనుకున్నాను. బుజ్జి మాత్రం దాని వాటా కూడా తినేసింది.

అక్క రాగానే ఓవెన్ తెరిచింది. “ఒరేయ్, పొద్దున తోడుపెట్టిన పాలేవిరా?” అంది. ఈ ఊరి చల్లదనానికి బయట పెడితే పెరుగు సరిగా తోడుకోదని, లైటు వేసి ఓవెన్‌లో పెడతారట. మా ఊళ్ళో వంటింటి గట్టుమీద పెడితే మధ్యాహ్నానికి గడ్డపెరుగయ్యేది. నాకేం తెలుసు? తెలియకపోతే అడగొచ్చుగా అని మీరనొచ్చు. అడిగే అలవాటు నాకెక్కడిది, తేల్చే అలవాటు తప్ప.

సిగ్గుతో చచ్చిపోయి గదిలోకి వెళ్ళాను. లాయరమ్మ గోడవైపు తిరిగి బొమ్మలేసుకుంటోంది. తప్పు నాదేనన్నాను. పాలు చూసుకోలేదని, సారీ అని, ఇంకా ఏమేమో అన్నాను.

“నువ్వు నన్ను అడగలేదు మామా,” అంది చివరికి, తలెత్తకుండా. “నేనే చేశా అని చెప్పేశావ్.”

పక్కన కూర్చుని, అది ఇచ్చిన బొమ్మకి రంగులు వేశాను. మూడు వారాలు అది నాకు స్కూలు సంగతులు చెప్పలేదు. తర్వాత మెల్లిగా చెప్పింది, కానీ కొన్నే.

ఇప్పుడది కాలేజీ. సెలవులకి మా ఇంటికి వస్తే మామా అని మెడకి చుట్టేసుకుంటుంది. కానీ గిన్నెలో ఏది పెట్టి ఇచ్చినా, ముందు నాచేత ఒక చెంచా తినిపించి, నా మొహం నిమిషం పాటు పరీక్షగా చూసి, ఆ తర్వాతే తను తింటుంది. మా ఆవిడ నవ్వుతుంది. నేను మాత్రం బుద్ధిగా నోరు తెరుస్తాను.