పబ్లిక్ అని రాయని కన్‌స్ట్రక్టర్

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "ఈ కన్‌స్ట్రక్టర్‌ను పబ్లిక్ చేసేస్తే అయిపోతది గదమ్మా" అని విసుక్కుంటే, మొయినాబాదు నుంచి బస్సులో పట్నం వెళ్లి కొలువు చేసిన రోజులు నా కళ్ల ముందు మెదిలాయి.

జావా వస్తే చాలు, ఉద్యోగం వచ్చినట్టే అనుకున్న కాలం అది, మీకూ గుర్తుండే ఉంటుంది. కిరాణా దుకాణం నడిపే మా బాపును ఎట్లాగో ఒప్పించి నేనొక చిన్న కంపెనీలో చేరాను. అక్కడ నాకు సీనియర్ అయిన ఆలూరు అన్న చేవెళ్లలో బస్సెక్కి నాకోసం సీటు ఆపేవాడు. ఒక దవాఖాన కోసం ప్రోగ్రాం రాస్తున్నాం. రోగుల నమోదు ప్యాకేజీ నాది, బిల్లుల ప్యాకేజీ ఆయనది. రోగి రికార్డును తయారు చేసే కన్‌స్ట్రక్టర్‌కు నేను కావాలనే పబ్లిక్ అని రాయలేదు. అంటే నా ప్యాకేజీ బయటి క్లాసులు, అంటే వేరేవాళ్ల కోడ్ ముక్కలు, దాన్ని నేరుగా పిలవలేవు. రికార్డు కావాలంటే నా నమోదు మెథడ్‌ను అడగాల్సిందే, అదేమో రక్తం గ్రూపు చెప్పనిదే ఇవ్వదు.

దాన్ని నేరుగా పిలిచిన అన్న కోడ్ కంపైల్ కాలేదు, తప్పు చూపించింది. "ఏం చెల్లే, ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతది?"

"ఎవరు పడితే వాళ్లు రికార్డు చేస్తే గ్రూపు లేని రోగులు పుడ్తరన్నా. నా మెథడ్‌ను పిలువు, నేనే ఇస్త."

నేనింకా పర్మనెంటు కాలేదు. మొండికేస్తే వేరేవాళ్లతో రాయిస్తానని మేనేజరు హెచ్చరించినా నేను మార్చలేదు. అన్న తన కోడ్ మార్చుకుని, ఆ రోజు నుంచి మాట్లాడకుండా బస్సులో వెనక్కి వెళ్లి కూర్చునేవాడు.

చివరికి దవాఖానలో ప్రోగ్రాం చూపించే రోజు పెద్ద డాక్టరు, "స్పృహ లేకుండ వచ్చినోళ్ల గ్రూపు ఎవరు చెప్తరమ్మా?" అంటూ ఆ గడి ఖాళీగా వదిలి నమోదు బటన్ నొక్కారు. రికార్డు రాలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఇక అన్న నన్నే తప్పుపడతాడనుకున్నాను.

ఆయన లేచి, "అసుంటోళ్లకు ఇంకో మెథడ్ పెడ్తం సార్, గ్రూపు తెల్వదని ఎర్రగ చూపెడ్తది. కని రికార్డు చేసుడు మాత్రం ఈ చెల్లె ప్యాకేజీలనే ఉండాలె. అందరికి ఇడిస్తే ఏది నమ్ముతరు?" అన్నాడు. డాక్టరు తలూపారు. ఆ సాయంత్రం కొత్త మెథడ్‌కు పేరేం పెట్టాలని దారి పొడుగునా ఇద్దరం వాదించుకుంటుంటే, నేను దిగాల్సిన చోటు దాటిపోబోయింది.

ఇప్పుడు తోటివాళ్ల అభ్యంతరాలు కంప్యూటర్ తెర మీద ఒక వాక్యంగా వస్తాయి, జవాబుగా ఇంకో వాక్యం వెళుతుంది. పని తొందరగా అవుతున్నది, కాదనను; కానీ అలిగిన మనిషితో అదే బస్సులో ఇంటిదాకా ప్రయాణించే ఇబ్బంది, ఆ మనిషే నలుగురిలో మన పక్షాన లేచి నిలబడితే కలిగే ధైర్యం, ఇప్పటి పిల్లలకు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు.