సుగుణ పంపిన క్యాసెట్టు

శుక్రవారం డ్యూటీ లేదు. దోహాలో మా లేబర్ క్యాంపులో అందరం టీవీ ముందు కూర్చున్నాం. హిందీ సీరియల్లో మొగుడు పరదేశంలో ఉంటే పెళ్ళాం ఇంకొకడితో తిరుగుతోంది.

“ఇంటికాడ మనోళ్ళు గూడ గింతే,” అన్నాడొక దరిద్రుడు.

ఆ మాటకు మా గదిలోని రాజేశానికి అన్నం సహించలేదు. టేపురికార్డరులో ఖాళీ క్యాసెట్టు వేసి, ఏడుస్తూ భార్యను అడిగాడు: “సుగుణా, ఇంటికి ఎవడొస్తుండో నిజం చెప్పు.” ఊరికి పోతున్నవాడితో ఆ క్యాసెట్టు పంపాడు.

మా ఊళ్ళకు గల్ఫంతా దుబాయే; దుబాయ్ క్యాసెట్టు వచ్చిందంటే వాడకట్టంతా కూర్చుని వింటుందని ఆ మూర్ఖుడికి తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే విమానం వెళ్ళిపోయింది. జవాబు వచ్చేదాకా వాడు మనిషి కాలేదు.

వచ్చిన క్యాసెట్టును అలవాటుగా అందరి మధ్యే పెట్టాం. సుగుణ గొంతు వినిపించింది:

“అందరి ముందట అడిగినవ్, అందరి ముందటనే చెప్తున్న. ఎవ్వలు రాలే. ఇగ నువ్వు గూడ రాకు.”