తగలక్కర్లేని రాకెట్టు

చైనా యుద్ధం అయిన మరుసటి వేసవిలో, రాకెట్టును రాకెట్టుతో కొట్టే కంపెనీలో వాటాలు అమ్ముతానంటూ మద్రాసు నుంచి ఒక ఏజెంటు నూజివీడు వచ్చాడు. మా బావ అతని వలలో పడ్డాడు. ఆగిరిపల్లి దగ్గర అక్క పేర ఉన్న రెండెకరాల రసాల తోట అమ్మి వాటాలు కొంటానన్నాడు. సంతకం మాత్రం అక్క పెట్టాలి.

ఆ ఏజెంటును చూస్తేనే నాకు ఒళ్ళు మండింది. మా తోటలో కుర్చీ వేయించుకుని, మా కాయలే తింటూ చెప్పాడు. "శత్రువు రాకెట్టును రాడార్ కనిపెడుతుందండీ. యంత్రం దాని దారి లెక్కగడుతుంది. మనది ఎదురెళ్ళి ఆకాశంలోనే పేల్చేస్తుంది. విడిభాగాలు మావే."

నేను చదివింది అయిదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పేపర్లో చూసిన వేగం సెకనుకు నాలుగు మైళ్ళు. అంటే నూజివీడు నుంచి బెజవాడకు ఏడు సెకన్లు. సెకనులో నూరో వంతు పొరబడినా డెబ్భై గజాల తేడా వస్తుంది. ఆ మాటంటే ఏజెంటు నవ్వాడు.

చిలకల్ని తోలే కావలివాణ్ణి వడిసెల తీసుకుని రమ్మన్నాను. రాలిన కాయలు ఒక్కొక్కటే పైకి విసిరి, గాల్లోనే కొట్టమన్నాను. పదింటిలో రెండు కొట్టాడు. తర్వాత ప్రతి కాయతోనూ గుప్పెడు మట్టిబెడ్డలు కలిపి విసిరాను. ఒక్క కాయా తగల్లేదు.

"ఏది కాయో ఏది బెడ్డో తెలవాలి కదండీ," అన్నాడు కావలివాడు.

"శత్రువూ ఇదే చేస్తాడు," అన్నాను ఏజెంటుతో. "డొల్ల డబ్బాలు కలిపి వదులుతాడు. వాడికి డబ్బా ఖర్చు, మీకు డబ్బాకో రాకెట్టు ఖర్చు."

ఏజెంటు ముఖం మాడింది. బావ మాత్రం తొణకలేదు.

"ఏవోయ్ లెక్కలాయనా, తగలకపోతే ఏంటంట? ఇంకా పెద్దది చెయ్యమంటారు. దేశాలకి భయం ఉన్నన్నాళ్ళూ ఆర్డర్లు ఆగవు. ఈ ఒక్క లెక్కా నీ బుర్రకెక్కలేదు."

అది నిజమే. అందుకే మరింత అసహ్యం వేసింది.

బావ ఇంటికి వెళ్ళాక అక్క అడిగింది. "ఒరేయ్, అది తగులుద్దా, తగలదా?"

"తగలదక్కా. డబ్బు మాత్రం రావచ్చు."

"తగలదని తెలిసే అమ్ముతారా?"

"ఆఁ."

"రుచి చూపించందే మన కాయ ఒక్కడూ కొనడు. నేను సంతకం పెట్టను," అని బావ ముందే చెప్పేసింది.

"నా సంసారంలో వేలు పెట్టావు, పో బయటికి," అని బావ నా మీదికి వచ్చాడు. ఆయన కాలం చేసేదాకా నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ కంపెనీ ఏమైందో ఎవరినీ అడగలేదు. బాగుపడిందని వింటే భరించలేను.